ఇంటర్‌స్టెల్లార్‌కి పిల్లని తీసుకెళ్ళొచ్చా?



పెద్ద సినిమా ఏదైనా ఊళ్ళోకి వస్తే ఆ కబురు ఇంటికి మోసుకొచ్చేది పిల్లలే. స్కూలు బ్యాగు ఇంకా భుజం మీదే ఉంటుంది, "మా క్లాసులో అందరూ చూసేశారు, మనమెప్పుడు వెళ్తాం?" అని మొదలవుతుంది. ఆ 'అందరూ' ముగ్గురో నలుగురో అయి ఉంటారు, అది వేరే సంగతి. చాలా ఇళ్ళల్లో ఈ ప్రశ్న ఆదివారం మ్యాట్నీతో తీరిపోతుంది. కొన్ని ఇళ్ళల్లో తీరదు. ఆ ఇంటి పిల్ల మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటుంది. వీధిలో కుక్కపిల్ల కుంటుతూ కనపడితే వారం రోజులు దాని సంగతే అడుగుతుంది. కథలో ఏనుగుపిల్ల తప్పిపోతే, అది వాళ్ళమ్మకి దొరికిందని చెప్పేదాకా నోట్లో ముద్ద మింగదు. మళ్ళీ అదే పిల్ల గ్రహాల పేర్లు గడగడా ఒప్పజెబుతుంది. శని చుట్టూ ఉన్న వలయాలు దేనితో తయారయ్యాయో మనకే పాఠం చెబుతుంది.

అలాంటి పిల్లని అంతరిక్షం మీద తీసిన భారీ సినిమాకి తీసుకెళ్ళాలా, వద్దా? ఈ పూట మన మాటలు దాని గురించే. గాలిలో మాట్లాడుకోవడం ఎందుకని ఒక్క సినిమానే ముందు పెట్టుకుంటాను. క్రిస్టఫర్ నోలన్ తీసిన 'ఇంటర్‌స్టెల్లార్'.

2014 నవంబరులో వచ్చిన సినిమా ఇది. 2025 ఫిబ్రవరి 7న మన దేశంలో మళ్ళీ విడుదల చేస్తే ఐమాక్స్ తెరల దగ్గర జనం టికెట్ల కోసం ఎగబడ్డారు. మొదటిసారి దాన్ని కాలేజీ ఎగ్గొట్టి చూసిన కుర్రాళ్ళలో చాలామంది ఇప్పుడు నాన్నలు. తమని అంతగా కదిలించినదాన్ని పిల్లలకీ చూపించాలని వాళ్ళకి తహతహ. తప్పు పట్టను. కాకపోతే ఇరవై ఏళ్ళ కుర్రాడు చూసిన సినిమా, తొమ్మిదేళ్ళ పిల్ల చూడబోయే సినిమా ఒకటి కావు. కుర్రాడు కథంతా అందులోని తండ్రి కూపర్ వెంట నడుస్తాడు. పిల్ల, అతని కూతురు మర్ఫ్ దగ్గర ఆగిపోతుంది.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో కథ చెబుతాను. భూమ్మీద పంటలకి తెగులు పట్టింది. ఒక్కో పైరూ పోతోంది. ఆ ఏడుతో బెండ కూడా ఆఖరని సినిమా మొదట్లోనే ఒక మాట వస్తుంది. బెండకాయ పులుసు లేని లోకం అన్నమాట! ఇక మిగిలింది మొక్కజొన్న. ఎటు చూసినా దుమ్ము తుఫాన్లు. కూపర్ ఒకప్పుడు పైలట్, ఇప్పుడు రైతు. భార్య లేదు. కొడుకు టామ్, పదేళ్ళ కూతురు మర్ఫ్, మామగారు, ఇదీ సంసారం. మనుషులు బతకడానికి మరో గ్రహం వెతకాలని నాసా రహస్యంగా ఒక నౌకని సిద్ధం చేసింది. దాన్ని నడపడానికి కూపర్ కావాలి. వెళ్తే ఎప్పుడొస్తాడో ఎవరూ చెప్పలేరు. వెళ్తాడు. తర్వాత నక్షత్రాలు, బ్లాక్‌హోల్, వగైరా. కానీ నూట అరవై తొమ్మిది నిమిషాల సినిమాకి వెన్నెముక ఆ తండ్రీకూతుళ్ళే. సంగీతం చేసిన హాన్స్ జిమ్మర్‌కి నోలన్ మొదట ఇచ్చింది ఒక్క కాగితం. అందులో తండ్రీ బిడ్డల సంగతి మాత్రమే ఉంది, అంతరిక్షం ఊసే లేదు. అది చదివి ఆయన కట్టిన బాణీ మీదే మొత్తం సంగీతం నిలబడింది.

సర్టిఫికెట్ చూసుకుని వెళ్తే సరిపోదా అంటారేమో. సినిమాకి ముందు తెర మీద పడే ఆ కాగితంలో ఏముంటుందో ఒకసారి చూద్దాం. మన దగ్గర యూ, ఏ అనే రెండింటి మధ్య యూఏ అనేది 1983 నుంచి ఉంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలైతే పెద్దవాళ్ళు ఆలోచించి చూపించాలని అప్పట్లో దాని అర్థం. 2023లో చట్టం సవరించి ఆ యూఏనే మళ్ళీ మూడు చేశారు: ఏడు దాటినవాళ్ళకి ఒకటి, పదమూడుకి ఒకటి, పదహారుకి ఒకటి. మంచి పనే. అమెరికాలో పీజీ-13 అనే మెట్టు పుట్టింది 1984లో. స్పీల్‌బర్గ్ తీసిన రెండో ఇండియానా జోన్స్ సినిమాలో బతికున్న మనిషి గుండెకాయ పెరికే దృశ్యం ఒకటుంది. అదీ, ఆయనే నిర్మాణంలో ఉన్న 'గ్రెమ్లిన్స్' అనే సినిమా చూసి తల్లిదండ్రులు గోలపెడితే, పిల్లల సినిమాకీ పెద్దల సినిమాకీ మధ్య మరో గీత ఉండాలని స్పీల్‌బర్గే సలహా ఇచ్చాడు. ఇంటర్‌స్టెల్లార్‌కి అమెరికాలో ఆ పీజీ-13, బ్రిటన్‌లో 12ఏ.

సర్టిఫికెట్లు ఇచ్చే ఈ బోర్డులన్నీ ప్రధానంగా లెక్కపెట్టేది రక్తం, ఆయుధాలు, బూతులు, ఒంటి మీద బట్టలు, ఎవరికి ఎంత ముప్పు వచ్చింది అన్నవి. ఆ లెక్కన ఇంటర్‌స్టెల్లార్ బుద్ధిమంతుల సినిమా. కోరలున్న గ్రహాంతరవాసులు లేరు. రక్తం దాదాపు కనపడదు. రోబోలు కూడా జోకులు వేస్తూ తిరుగుతాయి. ఒక తండ్రి కూతురికి చెప్పే వీడ్కోలు ఎంత బరువో తూచి మార్కులు వేసే బోర్డు నాకు తెలిసి ఏ దేశంలోనూ లేదు.

జోఆన్ కాంటర్ అని అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పరిశోధకురాలు ఉన్నారు. పిల్లలు తెర చూసి ఎందుకు భయపడతారన్నదే ఆవిడ పని. 1998లో తల్లిదండ్రుల కోసం పుస్తకం కూడా రాశారు. 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' టీవీ సీరియల్ చూసినప్పుడు పిల్లలకి ఏమనిపిస్తోందో ఆవిడా తోటివాళ్ళూ పరిశీలించారు. ఆ పచ్చటి మనిషి మంచివాడు, ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడేవాడు. అయినా మామూలు మనిషి అలా మారిపోతుంటే చిన్నపిల్లలు హడలిపోయారు. కాస్త పెద్దపిల్లలకి అతను మనవాడేనని తెలుసు గనక ధైర్యంగానే చూశారు. ఇందుకు పూర్తిగా తిరగబడ్డ సంగతి 1983 నవంబరులో జరిగింది. అణుబాంబులు పడ్డాక ఒక ఊరు ఏమవుతుందో చూపిస్తూ 'ది డే ఆఫ్టర్' అనే సినిమా అమెరికా టీవీలో వచ్చింది. పసిపిల్లలు పెద్దగా చలించలేదు. వయసు పెరిగినకొద్దీ కలత పెరిగింది. ఏడేళ్ళ లోపు భయం కంట్లో ఉంటుంది. ఆపైన ఆలోచనలోకి దిగుతుంది.

అందుకే నేననేది, ఇంటర్‌స్టెల్లార్ విషయంలో మనం మామూలుగా వేసే లెక్క తలకిందులు. అయిదేళ్ళవాడు పెద్ద అలలు వచ్చే చోట ఒకసారి ఉలిక్కిపడి, పాప్‌కార్న్ అయిపోయాక నిద్రపోతాడు. తొమ్మిది, పది, పదకొండేళ్ళ పిల్ల, అందులోనూ ఊహ ఎక్కువున్న పిల్ల, నిద్రపోదు. ఆ సినిమాలో ఒక గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్ళు గడుస్తాయి. ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతంలో ఉన్న విషయమే, అంకెలు మాత్రం కథ కోసం బాగా లాగారు. అయిదేళ్ళవాడికి ఆ మాటకి అర్థం లేదు. పదేళ్ళ పిల్ల వెంటనే వేళ్ళ మీద లెక్కేస్తుంది. రెండు గంటలైతే పద్నాలుగు. అప్పటికి నాకు ఇరవై నాలుగు. నాన్న నన్ను గుర్తుపడతాడా?

సినిమాని ఆ పిల్ల పక్కన కూర్చుని ఒకసారి చూద్దాం. తండ్రి వెళ్ళే రోజు. మర్ఫ్ అలిగి గదిలోంచి రాదు, మొహం చూపించదు. ఆయన ఇచ్చిన చేతిగడియారం విసిరికొడుతుంది. ఆయన బయల్దేరతాడు. అంతకుముందు ఒకసారి ఆమె ట్రక్కులో దుప్పటి కింద దాక్కుని ఆయనతో వచ్చేసింది. ఇప్పుడు దారిలో ఆయన చెయ్యి చాపి ఆ దుప్పటి ఎత్తి చూస్తాడు. కింద ఎవరూ లేరు. ఇంటి దగ్గర అప్పుడే ఆ పిల్ల బయటికి పరిగెత్తుకొస్తుంది, ట్రక్కు వెళ్ళిపోయింది. ఆ దుమ్ము దారి మీదే రాకెట్ కౌంట్‌డౌన్ వినపడటం మొదలవుతుంది. సరిగ్గా వీడ్కోలు చెప్పకుండా విడిపోవడం, అదీ తన అలక వల్ల. సున్నిత మనసున్న పిల్లకి ఇంతకంటే పెద్ద రాక్షసుణ్ణి ఏ గ్రాఫిక్స్ వాళ్ళూ తయారుచేయలేరు. ఎందుకంటే ఆ పిల్ల ఆ ఉదయమే జడ విషయంలో మీ మీద అలిగి ఉంటుంది.

తర్వాత నీళ్ళ గ్రహం. మోకాలిలోతు నీళ్ళు, దూరంగా కొండలు. అవి కొండలు కావు, కెరటాలు. ఒక మనిషి పోతాడు. ఆ కాసేపటి ఆలస్యానికి భూమ్మీద ఇరవై మూడేళ్ళు దాటిపోతాయి. నౌకలోకి తిరిగొచ్చిన కూపర్, అన్నేళ్ళుగా పిల్లలు పంపిన వీడియోలు వరసగా పెట్టుకు చూస్తాడు. కొడుకు పెద్దవాడవుతాడు, పెళ్ళవుతుంది, బిడ్డ పుడుతుంది, చివరికి నువ్విక రావులే అని మానేస్తాడు. అప్పుడు మర్ఫ్ కనపడుతుంది, తండ్రి వెళ్ళేనాటి వయసుకి తనూ వచ్చేసి. పెద్దవాళ్ళు చాలామంది ఏడ్చేది అక్కడే. మన పిల్ల అక్కడ ఏడిస్తే నాకు పెద్ద బెంగలేదు. ఏడుపు వస్తే మంచిదే, బయటికి పోతుంది. నాకు బెంగ పుట్టించేది చివర్లో వచ్చే పుస్తకాల అర. కూపర్ ఆ అర వెనకాల ఎక్కడో చిక్కుకుని, తన కూతురి గదిలోకే చూస్తూ, వెళ్ళొద్దని నన్ను ఆపు అని కేకలు పెడతాడు. అవతల పిల్లకి వినపడదు. గోడ అవతల నాన్న పిలుస్తున్నాడు, నాకు వినపడటంలేదు: ఈ ఒక్క ఊహ రాత్రి పదింటికి లైటు తీశాక ఏం చేయగలదో పిల్లల్ని పెంచినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మధ్యలో డాక్టర్ మాన్ అనే పెద్దమనిషి చేసే నమ్మకద్రోహం, హెల్మెట్ అద్దం పగలగొట్టడం, ఊపిరాడకపోవడం ఉన్నాయి. వాటిని కూడా ముందే చెప్పి ఉంచాలి.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒకటి చెప్పకుండా ముందుకి పోలేను. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో, కోనసీమలో, కడప జిల్లాలో నాన్న ఫోన్ తెర మీద మాత్రమే ఉండే ఇళ్ళు ఎన్ని లేవు! దుబాయ్, మస్కట్, కువైట్. రెండేళ్ళకోసారి పెద్ద సూట్‌కేసుతో వచ్చి, పిల్ల ఎంత పొడుగైందో చూసి ఆశ్చర్యపోయి, మళ్ళీ శంషాబాద్‌లో విమానం ఎక్కుతాడు. అమెరికా నాన్నలదీ కొన్నేళ్ళపాటు అదే వరస, వీసా కాగితాల దయ. మా వీధిలో ఒక పాప ఉంది. వాళ్ళ నాన్న గల్ఫ్‌లో. ఆ పిల్లకి దయ్యాల సినిమాలంటే లెక్కలేదు, పడీపడీ నవ్వుతుంది. ఏ సినిమాలోనైనా రైల్వే స్టేషనో ఎయిర్‌పోర్టో వస్తే మాత్రం మంచినీళ్ళకని లేచి వెళ్ళిపోతుంది. ఇంట్లోవాళ్ళు అదేదో దాహం అనుకున్నారు చాలాకాలం. తెర మీద పిల్లల్ని చూస్తూ ఏడ్చే తండ్రి ఉన్న సినిమాని ఆ పాపకి చూపించాలా? నన్నడిగితే, నాన్న సెలవు మీద వచ్చినప్పుడు ఆయన పక్కన కూర్చుని చూస్తే చూడొచ్చు. ఆయన విమానం ఎక్కిన వారంలో వద్దే వద్దు.

కాబట్టి మొదటి పని సినిమా గురించి ఆరా తీయడం కాదు. మన పిల్ల దేనికి లేచి నీళ్ళకి వెళ్తుందో గమనించడం. కొందరికి చప్పుడు. కొందరికి జంతువులకి దెబ్బ తగలడం. కొందరికి ఎవరైనా ఎవరినైనా అవమానించడం. కొందరికి అన్యాయంగా తిట్లు తినడం. ఇలైన్ ఆరన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఇలాంటి పిల్లల మీద 2002లో ఒక పుస్తకం రాశారు. మనుషుల్లో పదిహేను నుంచి ఇరవై శాతం పుట్టుకతోనే ఇలా ఉంటారని ఆవిడ అంచనా. రోగం కాదంటారు. నలభైమంది ఉన్న తరగతిలో ఆరుగురో ఎనిమిదిమందో అన్నమాట. మన దగ్గర వాళ్ళకి పిరికిపంద అని పేరు పెట్టేస్తారు. మగపిల్లాడైతే మరీ కష్టం, ఏడ్చే హక్కు కూడా ఉండదు.

చప్పుడు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, పెద్దవాళ్ళు దీన్ని పట్టించుకోరు గనక. సినిమా హాల్లో శబ్దాన్ని అమర్చే ప్రమాణం ఒకటుంది. మామూలు స్థాయిని 85 డెసిబెల్స్ దగ్గర పెడతారు. గట్టి చప్పుళ్ళు ఒక్కో ఛానల్‌లో 105 దాకా పోవచ్చు. గుండెల్లో దడదడలాడించే బాస్ స్పీకరు అయితే 115 దాకా. అందులోనూ ఇంటర్‌స్టెల్లార్‌కి జిమ్మర్ వాడింది లండన్‌లో టెంపుల్ చర్చి ఆర్గన్. ఆ మంద్రస్వరాలు చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తాయి. విడుదలైనప్పుడు సంగీతం మోతలో మాటలు వినపడటంలేదని అమెరికాలో ప్రేక్షకులు ఫిర్యాదులు చేశారు. అలాగే ఉండాలని చేశానని నోలన్ జవాబు. ఆపైన నౌక బయటి దృశ్యాల్లో ఒక్కసారిగా నిశ్శబ్దం, శూన్యంలో శబ్దం ప్రయాణించదు గనక. సైన్సు ప్రకారం ఒప్పే. కానీ పిల్లలు ఆ నిశ్శబ్దంలోనే మన చెయ్యి వెతుక్కుంటారు. చెవుల మీద పెట్టుకునే మఫ్‌లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. నలుగురూ చూస్తారని మొహమాటపడకండి, హాలంతా చీకటి.

అన్నట్టు, అసలు సినిమా సంగతి అలా ఉంచండి. మన హాళ్ళలో అంతకంటే ముందే పిల్లల్ని దడిపించేది పొగాకు ప్రకటన. నోటి క్యాన్సర్ వచ్చిన మనిషి మొహం అంత పెద్ద తెర మీద! పొగాకు కనపడే సినిమాలకి మొదట్లో, మధ్యలో అవి వేయాలని 2012 నుంచి నిబంధన. పెద్దవాళ్ళకి అది అవసరమే, కాదనను. ఏడేళ్ళ పిల్ల మాత్రం ఆ తర్వాత అరగంటసేపు తెర మీద ఏం జరుగుతోందో చూడదు. తాతయ్య బీడీ కాలుస్తాడుగా, ఆయనకీ అలా అవుతుందా అనే లెక్కలో ఉంటుంది. అలాంటి పిల్ల ఉంటే హాల్లోకి పదినిమిషాలు ఆలస్యంగా వెళ్ళడమే మేలు. ట్రైలర్ల బెడద కూడా తప్పుతుంది.

మనకున్న ఒక గొప్ప సదుపాయం ఇంటర్వెల్. అమెరికాలో పిల్లల్ని ఏకబిగిన కూర్చోబెట్టాలి. మనకి మధ్యలో లైట్లు వేస్తారు. ఆ పదిహేను నిమిషాలూ సమోసా వరసలో నిలబడటానికి వాడకండి. పిల్లతో హాలు బయటికి రండి. భయమేసిందా అని అడగొద్దు. లేదనే అంటుంది, వీరత్వం కోసం. ఇప్పటిదాకా ఏమైందో నాకు చెప్పు, నేను సరిగ్గా వినలేదు అనండి. చెబుతుంటే తెలిసిపోతుంది ఎక్కడ గొంతు తడబడుతోందో. మిగతాది ఇంట్లో చూద్దామా అని అడిగి, ఊఁ అంటే బండి తీయండి.

కథ ముందే చెప్పేస్తే మజా పోతుందని అంటారు. పెద్దవాళ్ళకి పోతుందేమో. ఇలాంటి పిల్లలకి ముగింపు తెలిస్తేనే మధ్యలో ఏమవుతోందో చూసే ధైర్యం వస్తుంది. మన ముసలమ్మలు చెప్పిన కథల్లో ఎన్ని భయాలుండేవి! ఏడు సముద్రాల అవతల రాక్షసుడు, మర్రిచెట్టు తొర్రలో చిలక, దాని గొంతు నులిమితే వాడి ప్రాణం పోవడం. ఇప్పటి బోర్డుకి చూపిస్తే ఏ సర్టిఫికెట్ ఇస్తారో. అయినా పిల్లలు బెదిరిపోలేదు. ఎందుకంటే నాయనమ్మకి మనవడి మొహం కనపడుతుండేది. కళ్ళు పెద్దవైతే రాక్షసుడు కాస్త చిన్నవాడయ్యేవాడు. ఆవులింత వస్తే మళ్ళీ పెద్దవాడయ్యేవాడు. నోలన్‌గారికి మన పిల్ల మొహం కనపడదు. ఆ పని పక్క సీట్లో ఉన్నవాళ్ళది. అందుకే సినిమాని ముందు మనం ఒక్కళ్ళమే చూసి రావాలంటాను. ఇంటర్‌స్టెల్లార్ లాంటి పాత సినిమా అయితే ఎవరో రాసింది చదివినా చాలు. బ్రిటన్ బోర్డు వాళ్ళు ఏ సినిమాలో ఏ రకం భయం ఉందో వివరంగా రాసి ఉంచుతారు. కానీ అంతా తెలిసిన మనిషి పక్కన కూర్చుని, పావు నిమిషం ముందు చెవిలో, "ఇప్పుడు కెరటం వస్తుంది, వాళ్ళలో ఒకాయన పోతాడు, కూపర్ బతుకుతాడు" అని చెబితే ఆ ధైర్యం వేరు.

ఇక పిల్ల దడుసుకోనే దడుసుకుంది అనుకోండి. "అది సినిమాయే కదే పిచ్చిదానా" అన్న మాట పనిచేయదు. చిన్నపిల్లలకి వివరణలు కాదు, దగ్గరికి తీసుకోవడం, తాగడానికి ఏదైనా ఇవ్వడం పనిచేస్తాయని కాంటర్ రాశారు. పెద్దపిల్లలకైతే విడమరిచి చెప్పాలట. మన పెద్దవాళ్ళు ఆవిడ పుస్తకం చదవకుండానే మొదటి భాగం చేసేవారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేవారు, మసీదు దగ్గరికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించేవారు. తాయెత్తులో ఏముందన్న చర్చ నాకొద్దు. నా భయాన్ని ఇంట్లోవాళ్ళు నిజమనే అనుకున్నారు, నా కోసం అందరూ లేచి ఏదో చేశారు అన్నది పిల్లకి అర్థమయ్యేది. ఇప్పుడు మనం లేవం. ఫోన్ చూసుకుంటూ, పడుకో అంటాం.

పెద్దపిల్లలకి విడమరిచి చెప్పేటప్పుడు ఒక్క చోట జాగ్రత్తగా ఉండాలి. అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారా అని అడుగుతారు. వస్తారని తేలిగ్గా అనేస్తాం. మన పిల్లలకి కల్పనా చావ్లా తెలుసు. 2003 ఫిబ్రవరి 1న ఆవిడ ఉన్న కొలంబియా నౌక నేల చేరే సుమారు పదహారు నిమిషాల ముందు ముక్కలైంది. లోపలున్న ఏడుగురూ పోయారు. అబద్ధం చెబితే పిల్ల పట్టేస్తుంది, ఆపైన మన మాటేదీ నమ్మదు. కొందరు రాలేదు, చాలామంది వచ్చారు అని చెప్పాలి. 2021 జులైలో మన తెలుగు ఆడపడుచు బండ్ల శిరీష అంతరిక్షం అంచుదాకా వెళ్ళి ఆ పూటే తిరిగొచ్చింది. మహబూబ్‌నగర్ మూలాలున్న రాజాచారి ఆరు నెలలు అంతరిక్ష కేంద్రంలో ఉండి వచ్చాడు. 2025లో శుభాంశు శుక్లా వెళ్ళి వచ్చాడు. పేర్లు చెబితే పిల్లలకి ఆసరా.

సరే, ఇంటర్‌స్టెల్లార్ ఇప్పుడే వద్దనుకుంటే మరి ఏది? 'గ్రావిటీ' అయితే గంటన్నరే కదా అనుకోకండి. మొదటి నుంచి చివరిదాకా ఒంటరితనం, పగిలిన మొహం, తేలే శవాలు. అందులో కథానాయిక వ్యోమగామి కావడానికి ముందే తన నాలుగేళ్ళ కూతుర్ని పోగొట్టుకుంది, బడిలో ఆడుకుంటూ పడి. ఆ ఒక్క మాట సంభాషణలో వచ్చి పోతుంది, పెద్దవాళ్ళం మర్చిపోతాం. పిల్ల మర్చిపోదు. రేపు బడిలో జారుడుబల్ల ఎక్కదు. 'ది మార్షియన్'లో మనిషి అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకున్నా, బంగాళాదుంపలు పండించుకుంటూ తన మీద తనే జోకులు వేసుకుంటాడు. మొదట్లో పొట్టలోంచి ముక్క తీసుకునే దృశ్యం దాటిస్తే పదేళ్ళవాళ్ళకి నిక్షేపంలా ఉంటుంది. నాకు మాత్రం ఇలాంటి పిల్లలకి మొదట చూపించాలనిపించేది 'అపోలో 13'. 1970 ఏప్రిల్‌లో నిజంగా జరిగింది, ముగ్గురూ క్షేమంగా వచ్చారు, ఆ సంగతి ముందే చెప్పేయొచ్చు. మొదట్లో అంతకుముందటి అపోలో 1 మంటల్లో ముగ్గురు పోయిన ఘట్టం ఉంది, అది మటుకు చూసుకోవాలి. తర్వాత నాన్న నౌక పాడైందని తెలిసి ఒక వ్యోమగామి చిన్నకొడుకు తల్లిని అడుగుతాడు, మళ్ళీ ఆ తలుపేనా అని. ఆ పాత ప్రమాదంలో తలుపు తెరుచుకోలేదని నాన్న చెప్పింది వాడు గుర్తుంచుకున్నాడు. పిల్లల చెవులు ఎంత దూరం వెళ్తాయో తెలిసిన దర్శకుడు తీసిన సినిమా అది.

ఏ సినిమా వద్దన్నా అంతరిక్షమే వద్దన్నట్టు కాదు. హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానిటోరియం 1985 నుంచి ఉంది. తెలుగులో చెబుతారు, ఎవరూ చావరు, పైన ఆకాశం మాత్రం తిరుగుతుంది. శ్రీహరికోటలో 2019 నుంచి జనం కూర్చుని ప్రయోగం చూసే గ్యాలరీ ఉంది. ఇంటర్‌స్టెల్లార్‌లో బ్లాక్‌హోల్ బొమ్మకి లెక్కలు ఇచ్చిన కిప్ థార్న్‌కి 2017లో నోబెల్ వచ్చింది. 2019లో నిజమైన బ్లాక్‌హోల్ చిత్రమే వచ్చింది, ప్రింట్ తీసి గోడకి అంటించుకోవచ్చు.

ఇవన్నీ చేసి, పన్నెండేళ్ళు వచ్చాయని, నాన్న పక్కనే ఉన్నాడని, కథంతా ముందే చెప్పామని, ధైర్యంగా టికెట్లు కొని వెళ్ళామనుకోండి. తీరా హాలు తలుపు దగ్గర, లోపలి నుంచి ఆ ఆర్గన్ మోత వినపడగానే, పిల్ల ఆగిపోయి నేను రాను అనవచ్చు. టికెట్ల డబ్బు తిరిగి రాదు. పోతే పోయింది. లాక్కెళ్ళొద్దు, పక్కవాళ్ళ పిల్లల్ని చూపించొద్దు. లాబీలో కుర్చీలుంటాయి. పాప్‌కార్న్ ఒకటి తీసుకుని అక్కడ కూర్చోండి. కూపర్ నౌక దగ్గరికి వెళ్ళాక ఏమైందని అదే అడుగుతుంది. చెప్పండి. మధ్యలో ఆపమంటే ఆపండి.